కైలాసం సారు జాడీ

ఏటా ఆల్కేన్ల పాఠం చెప్పే రోజున నేను కొత్త చీర కట్టుకుంటానని మా స్టాఫ్‌రూమ్‌లో వేళాకోళం. కట్టుకుంటే తప్పేముంది? పెళ్లిరోజులూ పుట్టినరోజులూ అందరికీ ఉంటాయి. ఇల్లు రెండు ముక్కలు కాబోయి ఆగిన రోజు నాకొక్కదానికే ఉంది. ఆ రోజుకు తేదీ గుర్తులేదు, పాఠం గుర్తుంది. అందుకే పాఠం వచ్చినప్పుడు పండగ చేసుకుంటాను.

ఈసారి మాత్రం కొత్త చీర తీయబుద్ధి కాలేదు. పాత దానితోనే వెళ్లి మీథేన్, క్లోరిన్ బోర్డు మీద రాశాను. చీకట్లో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నా పలకరించుకోవనీ, ఎండ తగలగానే క్లోరిన్ జంట విడిపోతుందనీ, విడిపోయిన ప్రతి పరమాణువు దగ్గరా ఒంటరి ఎలక్ట్రాన్ ఒకటి మిగులుతుందనీ, దాన్నే స్వేచ్ఛా ప్రాతిపదిక అంటారనీ, మీ కోచింగ్ పుస్తకాల్లో ఫ్రీ రాడికల్ అని ఉంటుందనీ చెప్పాను. మా కరీంనగర్ పిల్లలు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. కాకపోతే పేగులు ఎందుకున్నాయని అడగరు, వాటికి ఎన్ని మార్కులని అడుగుతారు. ముందు బెంచీలో భవ్యశ్రీ ఒక్కతే చెయ్యెత్తింది.

"మేడమ్, ఒంటరిగ ఉంటే ఉండొచ్చు గదా. గంత పరేషాన్ ఎందుకైతది?"

ఎన్నేళ్లుగానో చెబుతున్న పాఠం. జవాబు నాలుక చివర ఉండాలి. కానీ నాకు ఇంట్లో ఉన్న మా అమ్మ, నేను అవ్వ అని పిలిచే మనిషి, గుర్తొచ్చింది. "రేపు చెప్త" అని డస్టర్ తీసుకున్నాను.

బాపు, అంటే మా నాన్న, పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచీ అవ్వ మా దగ్గరే ఉంటోంది. ఉంటోంది అనడమే గానీ, ఒక్కచోట నిలవదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటుంది. పొద్దున్నే కింది ఇంటివాళ్ల చిక్కుళ్లు ఏరిపెడుతుంది. వాళ్ల అమ్మాయికి అడక్కుండానే జడేస్తుంది. ఎదురింటికి వెళ్లి కూర రుచి చూసి ఉప్పు తక్కువైందని చెప్పి వస్తుంది. "జర కూసో అవ్వా" అంటే "కూసుంటె తోస్తలేదు బిడ్డా" అంటుంది. రాత్రి కంచం ముందు కూడా సగం తిని లేచి, గుమ్మం దాకా వెళ్లి, ఎవరూ లేరని చూసి వస్తుంది. ఎవరి కోసమని నేను అడగను. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆ సాయంత్రమే మా ఇంటర్ క్లాస్‌మేట్ ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. మాకు కెమిస్ట్రీ చెప్పిన కైలాసం సారును చూడటానికి ఆదివారం పాత విద్యార్థులమంతా చెన్నూరులో ఆయన ఇంటికి వెళుతున్నామట. నేను వస్తానని చెప్పి ఫోన్ పెట్టేసరికి అవ్వ వంటింటి గడపలో నిలబడి ఉంది.

"నేను గూడ వస్త" అంది.

నేను నమ్మలేదు. మా ఇంట్లో కైలాసం సారు పేరు ఎత్తితే అవ్వ మొహం మాడ్చుకుని లేచిపోవడం ముప్పై ఏళ్లుగా నడుస్తున్న ఆచారం. "గా సారు నా ఇజ్జత్ తీసిండు" అనేది. బాపేమో నవ్వి, "గా సారుకు దండేసి మొక్కాలె" అనేవాడు. అప్పుడు ఇద్దరికీ తగువు. ఆ తగువు ఎక్కడ మొదలైందో చెప్పాలి.

మాది మంచిర్యాల దగ్గర బొగ్గు కాలనీ. మా వైపు గనిని బాయి అంటారు. మా క్వార్టర్లకు ఎదురుగా ఉన్నది మూడో బాయి. ఒక వరుసలో మరాఠీ వినిపిస్తే ఇంకో వరుసలో హిందీ వినిపించేది. నల్లా దగ్గరికి వచ్చేసరికి అందరూ కలిసి తెలుగులో కొట్లాడుకునేవారు. బాపు సారయ్యది హుస్నాబాద్ పక్కన నేతపని చేసే ఇల్లు. సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవారు. కూలి గిట్టక పొట్ట చేతబట్టుకుని బాయి పనికి వచ్చాడు. అవ్వ సత్తమ్మది హుజూరాబాద్, అక్కడా సాంచాలే. "మా అయ్య నన్ను బట్ట నేసెటోనికి ఇచ్చిండనుకున్న. బొరియ తవ్వెటోనికి ఇచ్చిండు" అని అవ్వ నల్లా దగ్గర అందర్నీ నవ్వించేది. నవ్వించడమే. బాపు షిఫ్టు దిగి ఇంటికి వచ్చేదాకా ఆమె గొంతులో నీళ్లు దిగేవి కావు.

బాయిలో ఎవరూ ఒంటరిగా పని చెయ్యరు. ఇద్దరిద్దరు జోడీ. బాపు జోడీ పరశురాములు కాక. పెళ్లిళ్లలో పక్కపక్కన, షిఫ్టులో పక్కపక్కన, కల్లు దగ్గరా పక్కపక్కనే. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, చలికాలంలో, లోపల పైకప్పు కూలి కాక పోయాడు. ఆ షిఫ్టులో బాపు రెండడుగులు ఇవతల ఉన్నాడు.

కాక పెద్దకర్మ అయ్యాక అవ్వ అడిగింది. "ఇగ బాయి ఇడిసిపెట్టు. ఇంటికి పోదాం. సాంచా నడుపుకుంట బతుకుదాం."

"సాంచా మీద వచ్చే కూలికి మంజుల సదువు సాగుతదా?" అన్నాడు బాపు. "పిల్ల సదువు అయ్యేదాక ఇడువ."

"నువ్వు పోయినంక సదువుకుంటదా?"

"నేను యాడికి పోత?"

"పరశురాములు గూడ గిట్లనే అన్నడు."

అంతే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే గదిలో ఉండి, మధ్యలో నన్ను కూర్చోబెట్టుకుని మాట్లాడుకునేవారు. "మంజులా, మీ బాపుకు చెప్పు, అన్నం చల్లగైతుంది." "మంజులా, మీ అవ్వకు చెప్పు, నాకు ఆకలైతలేదు." "మంజులా, మీ బాపుకు చెప్పు, ఆకలి కానోనికి ఇయ్యాల కోడికూర ఎవరు వండమన్నరు?" ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినబడుతున్నాయి. అయినా నేను మళ్లీ చెప్పాలి, చెప్పకపోతే తిట్లు. ఇద్దరి మధ్యా మిగిలిన బంధం నేనొక్కదాన్నే. అది ఎంత బరువో మోసినవాళ్లకే తెలుస్తుంది.

శివరాత్రి వెళ్లిన వారానికి అవ్వ నాతో, కానీ బాపు వినేటట్టు, తేల్చి చెప్పింది. "రేపు పగటాల్ల కరీంనగర్ బస్సుకు నేను తల్లిగారింటికి పోతున్న. మళ్ల రాను. మంజులా, నువ్వు గూడ నాతోనే వస్తున్నవ్. పొద్దుగాల కాలేజీకి పోయి మీ సార్లకు చెప్పి రా."

మరునాడు పొద్దున్నే బాపు భుజాన సంచి వేసుకుని, టిఫిన్ పట్టుకుని ఫస్టు షిఫ్టుకు వెళ్లిపోయాడు. వెళుతూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అవ్వ పొయ్యి వైపు తిరిగి ఉంది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఒక్క మాట. ఇద్దరిలో ఎవరైనా ఒక్క మాట అంటే ఏం పోయింది?

మా కాలేజీ కాలనీకీ బాయికీ నడుమ ఉండేది. ముందు రేకుల వరండా, వెనక రెండు గదులు. నేను వెళ్లేసరికి కైలాసం సారు వరండాలో బల్ల వేసుకుని గాజు జాడీలు సర్దుతున్నారు. సన్నగా, పొడుగ్గా, జేబునిండా సుద్దముక్కలతో ఉండే మనిషి. పాఠం చెప్పేటప్పుడు ఊరివాళ్ల భాషే మాట్లాడేవారు. పుస్తకం భాష పరీక్షకు, మన భాష బుర్రకు అనేది ఆయన సిద్ధాంతం.

"సార్, నేను కాలేజీ మానేస్తున్న. మధ్యాహ్నం బస్సుకు మా అవ్వతోని పోతున్న" అన్నాను. ఏడుపు ఆగలేదు.

సారు నన్ను ఎగాదిగా చూశారు. ఎందుకని అడగలేదు. కాలనీలో ఎవరింటి సంగతి ఎవరికి తెలియదు కనుక! "బస్సుకు ఇంక టైమున్నది. గీ ఒక్కటి చూసి పో" అన్నారు.

రెండు జాడీలు. రెండింటిలోనూ మీథేన్, క్లోరిన్ కలిపి నింపారు. క్లోరిన్ వల్ల లోపల లేత పసుపుపచ్చ రంగు. ఒక జాడీకి పాత గొడుగు గుడ్డ చుట్టి గదిలో మూల పెట్టారు. రెండోది వరండాలో నీడపట్టున పెట్టి, వాసనకు మా క్లాసువాళ్లందర్నీ దూరంగా గోడవారకు కూర్చోమన్నారు.

"చూడుర్రి. మీథేన్ అంటే మీ బాపుల బాయిల ఉండే గ్యాసే. మంట తగలనంతవరకు గింత సోమరిది ఇంకోటి లేదు. క్లోరిన్ మీ నల్లా నీళ్లల్ల వాసనొచ్చేదే. చీకట్ల పెడితే రెండూ పలుకయి. నీడల పెడితే మెల్లగ మాట్లాడుకుంటయి. ఎండల పెడితే కొట్లాటే. ఎందుకు?"

జవాబు కూడా సారే అందుకున్నారు.

"క్లోరిన్ల ఇద్దరన్నదమ్ములు. ఇద్దరి పొత్తుల రెండెడ్లు. వెలుతురు వచ్చి నడుమ ఇరగ్గొట్టింది. ఏరువడ్డరు. చెరొక ఎద్దు. ఒక్కడే రెండు గుంజుకుంటే అది వేరే పాఠం. ఈడ సమానంగ చెరొకటి. ఇగ ఒక్క ఎద్దుతోని నాగలి నడుస్తదా?"

"నడువది సార్."

"నడువది. అందుకే కూసోలేడు. పొరుగున మీథేన్ ఉన్నడు. మంచోడు, ఎవ్వని జోలికి పోడు. వాని జోడెడ్ల నుంచి ఒకటి గుంజుకుంటడు. ఈనికి జోడు కుదిరింది, చల్లవడ్డడు. మరి మీథేనో? ఇప్పుడు వానికాడ ఒక్క ఎద్దే. నిన్నటిదాంక సోమరోడు, ఇయ్యాల వాడు ఉరుకుడు వెట్టిండు. వాడు పోయి ఇంకో క్లోరిన్ ఇంట్ల ఒకటి గుంజుకుంటడు. మళ్ల అక్కడ ఒకడు మిగులుతడు. మొదలువెట్టింది వెలుతురు, నడిపేది ఒంటిఎద్దోళ్లు. ఊరు ఊరంత గిదే లొల్లి."

"మరి ఆగేదెప్పుడు సార్?" అని ఓంప్రకాశ్ అడిగాడు.

"ఇద్దరు ఒంటిఎద్దోళ్లు ఎదురుపడాలె. నీకాడ ఒకటి, నాకాడ ఒకటి, కలిపి కట్టుకుందాం అనుకోవాలె. గప్పుడు ఆగుతది. రెండు మీథేన్ ముక్కలు అట్ల కలిస్తే ఈథేన్ అయితది. మొదట జాడీల లేనిది గది. గది కనవడ్డదంటే, లోపట ఎవరో ఇద్దరు ఒంటరోళ్లు కలిసిన్రన్నట్టే."

నాకు పాఠం వినబడుతోంది గానీ కళ్లముందు అవ్వ మూట కడుతోంది. సారుకు పాఠం తప్ప ఏమీ కనబడటం లేదు. ఎంతసేపు చెప్పారో. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక సంగతి మరిచారు. పొద్దెక్కుతున్నకొద్దీ వరండాలో నీడ జరిగిపోతుంది. రేకు చివర నుంచి ఎండ పలక ఒకటి మెల్లగా నేల మీద పాకి, బల్ల కాలు ఎక్కి, జాడీ మీదికి వచ్చింది. పసుపుపచ్చ రంగు ఎంత అందంగా మెరిసిందో ఇప్పటికీ కళ్లలో ఉంది.

ఢామ్మని పేలింది.

రేకుల వరండా కావడంతో ఆ చప్పుడు పది రెట్లయింది. గాజుముక్కలు, నల్లటి మసి, ఘాటైన పొగ. మేం దూరంగా ఉన్నాం కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. సారు ముంజేయి మీద మాత్రం గాజు గీరి రక్తం కారుతోంది. ఆయన దగ్గుతూనే, "భయపడకుర్రి, గిది గూడ సిలబస్‌ల ఉన్నదే" అన్నారు.

మేం నవ్వబోయాం. అప్పుడే రోడ్డు మీద అడుగుల చప్పుడు వినబడింది.

ముందు సారక్క కనబడింది. పరశురాములు కాక భార్య. నల్లా దగ్గర బిందె అక్కడే వదిలేసి, కొంగు ఎగిరిపోతున్నా చూసుకోకుండా బాయి వైపు ఉరుకుతోంది. పెద్ద చప్పుడు, బాయి దిక్కు నుంచి. బొగ్గు కాలనీలో ఆ చప్పుడుకు ఇంకో అర్థం ఉండదు. ఆమెకు బాయిలో ఇక ఎవరూ లేరు. అయినా ఆమే ముందు ఉరికింది.

ఆమె దాటిన ప్రతి గుమ్మం నుంచీ ఒకరు రోడ్డెక్కారు. రోడ్డెక్కిన ప్రతి ఒక్కరూ ఇంకో గుమ్మాన్ని లేపారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, మొదటి వరుసలో "సప్పుడైంది" అన్న మాట రెండో వరుసకు చేరేసరికి "మంట లేసింది" అయింది. నాలుగో వరుసలో శవాలు లెక్కపెట్టారు. రొట్టె పిండి చేతులతో ఒకామె, తలకు సబ్బు నురగతో ఒకామె. "బాయి కాదు, మా జాడీ పలిగింది!" అని నేను గోడెక్కి అరిచాను. ఎవరు ఆగుతారు? అరుస్తూ అరుస్తూనే ఆ గుంపులో అవ్వను చూశాను.

కాళ్లకు చెప్పుల్లేవు. చేతిలో బాపు పాత అంగీ. ఆయన్ను వదిలి వెళ్లిపోతానని మూట కట్టుకుంటూ, ఆ మూటలో బాపు అంగీ ఎందుకు పెడుతోందో నేను ఇప్పటిదాకా అడగలేదు. "అవ్వా!" అని పిలిచాను. ఆమె చెవులు ఇక్కడ లేవు. నేనూ గోడ దూకి వెంటపడ్డాను.

బాయి గేటు దగ్గర ఇసుక వేస్తే రాలనంత మంది. పక్కనే ల్యాంపు రూమ్. లోపలికి దిగే ప్రతి మనిషీ అక్కడ తన బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. దీపం కొక్కానికి ఉందంటే మనిషి పైన ఉన్నట్టు. లేదంటే లోపల. అవ్వ గుంపును చీల్చుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లింది.

"సారయ్య! కోల్ ఫిల్లర్ సారయ్య!"

ల్యాంపు రూమ్ ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "సారయ్య దీపం ఈన్నే ఉన్నదమ్మా. ఇయ్యాల నాగా."

"నాగా ఏంది? పొద్దుగాల పోయిండు గదా!"

"పని మీదికి రాలేదమ్మా."

అవ్వ కొక్కానికి వేలాడుతున్న ఆ దీపాన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. లోపల లేడు. మరి ఎక్కడున్నాడు? భయం పోవలసిన చోట ఇంకో భయం వచ్చింది. ఆమె మొహం చూసి నాకు ఏడుపు వచ్చింది.

అప్పుడు బస్టాండ్ వైపు నుంచి ఒక మనిషి ఉరికి వచ్చాడు. తెల్ల అంగీ, భుజానికి సంచి, చేతిలో పొద్దున పట్టుకెళ్లిన టిఫిన్ అలాగే ఉంది. ఊపిరి అందక, లోపలున్న తనవాళ్ల పేర్లు ఒక్కొక్కటే అరుస్తూ వస్తున్నాడు. వచ్చి వచ్చి నేరుగా అవ్వకు గుద్దుకున్నాడు.

"నువ్వు లోపట లేవా?" అంది అవ్వ.

"లే."

"మరి యాడున్నవ్?"

"బస్టాండ్ల."

"బస్టాండ్ల నీకేం పని?"

బాపు సంచి సర్దుకున్నాడు. "నువ్వు బస్సెక్కితే నేను గూడ ఎక్కుదామని."

"బాయి?"

"ఇడిసిపెడ్దామనే వచ్చిన. పొద్దటి సంది గాడ్నే కూసున్న. ఇంటికొచ్చి చెప్పనీకి ముఖం చెల్లలే."

అన్ని వారాల తర్వాత, మధ్యలో నేను లేకుండా, ఇద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలవి. అవ్వ చేతిలో ఉన్న ఆయన అంగీతోనే ఆయన్ను రెండు దెబ్బలు కొట్టింది. మూడో దెబ్బకు చెయ్యి లేవలేదు. కాలనీ అంతా చూస్తుండగా, పట్టపగలు, బాయి గేటు ముందు బాపును గట్టిగా పట్టుకుని బోరుమని ఏడ్చింది. బాపు టిఫిన్ కింద పడి అన్నం మట్టిపాలైంది. దాన్ని ఎవరూ చూడలేదు.

అది ఎండ దెబ్బకు పేలిన జాడీ అని నాకు తెలుసు. చెబుదామని నోరు తెరిచాను. నోరు మూసుకున్నాను.

నేను మూసుకుంటే ఏమైంది, సైకిల్ మీద కైలాసం సారు రానే వచ్చారు. ముంజేతికి రుమాలు, మొహాన మసి. "అవ్వలార, అక్కలార! బాయికేం కాలే! పలిగింది నా జాడీ!"

అప్పుడు అవ్వకు తన చేతులు ఎక్కడున్నాయో తెలిసొచ్చింది. నిప్పు తొక్కినట్టు బాపును వదిలి ఎగిరి అవతల నిలబడింది. సిగ్గంతా కోపమై సారు మీద పడింది.

"పిల్లలకు సదువు చెప్పుమంటె బాంబులు చేసుడు నేర్పుతున్నవా సారూ? నీ జాడీ పాడుగాను! నీ పాఠం పాడుగాను!"

సారు తలవంచుకుని అన్నీ పడ్డారు. అవ్వతోపాటు ఊరందరూ అక్షింతలు వేశారు. ఒక్క సారక్క మాత్రం ఏమీ అనకుండా, గేటు పక్కన నేల మీద కూలబడి, "ఎవ్వలికేం కాలే గదా, ఎవ్వలికేం కాలే గదా" అని అడుగుతూనే ఉంది. అవ్వ తిట్లు ఆపి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

కరీంనగర్ బస్సు మేం ఎవ్వరం లేకుండానే వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మా ఇంట్లో అవ్వ మూటా బాపు సంచీ రెండూ విప్పారు. బాపు బాయి దిగడం మానేసి, జీతం తగ్గినా పైన పనికి మారాడు. తగ్గినదానికి అవ్వ కుట్టుమిషన్ పెట్టుకుంది. చెరొక మెట్టు దిగారు, నా చదువు సాగింది. నేను కెమిస్ట్రీయే ఎందుకు చదివానని ఇంటర్వ్యూలో ఎవరో అడిగితే, ఇష్టం అని చెప్పి ఊరుకున్నాను. ఇదంతా చెబితే ఉద్యోగం ఇస్తారా!

అవ్వకు మాత్రం ఆ తర్వాత ఏళ్ల తరబడి నల్లా దగ్గర తలెత్తుకునే యోగం లేకపోయింది. ఎవరో ఒకరు ఆకాశం చూసి, "సత్తమ్మా, ఇయ్యాల ఎండ బాగ కొడ్తుంది, జర పైలం" అనేవారు. మిగతావాళ్లు కొంగు నోట్లో కుక్కుకునేవారు. అదీ కైలాసం సారు మీద ఆమెకున్న పగ.

ఏ బాయి మింగుతుందని ఆమె అంత భయపడిందో ఆ బాయి ఆయన్ను ఏమీ చెయ్యలేదు. బాపు మా కరీంనగర్ ఇంట్లో, మంచం మీద, నిద్రలోనే పోయాడు. ఏ చప్పుడూ లేదు. ఉరకడానికి గేటు లేదు, తిట్టడానికి సారు లేడు. పక్కనే పడుకున్న అవ్వకు తెల్లారేదాకా తెలియలేదు.

ఆదివారం చెన్నూరు బస్సులో అవ్వ ఒళ్లో ఒక గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. మా పాత కాలనీ మీదుగానే బస్సు పోయింది. బాయి మూతబడి చాలాకాలమైంది. క్వార్టర్లు కూల్చేశారు. కాలేజీ ఉన్నచోట తుమ్మచెట్లు. గేటు ఎక్కడుండేదో నేను గుర్తుపట్టలేకపోయాను. అవ్వ కిటికీలోంచి వేలు చూపించి, "గక్కడ" అంది.

కైలాసం సారు ఇల్లు చిన్నది. వాకిట్లో నీడకు అరుగు, ఎదురుగా సగం ఎండలో తులసికోట. సారు బాగా చిక్కిపోయారు, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. ఓంప్రకాశ్ శాలువా కప్పాడు, ఎవరో ఫొటోలు తీశారు. అందరూ భోజనాలకు లోపలికి వెళ్లాక అవ్వ ముందుకు వచ్చింది. సారు కళ్లు చికిలించి చూశారు.

"సత్తమ్మ చెల్లె గదా? మళ్ల తిట్టనీకి వచ్చినవా?"

అవ్వ నవ్వలేదు. సంచిలోంచి ఒక గాజు జాడీ తీసింది. మా ఇంట్లో మామిడికాయ తొక్కు పెట్టే జాడీ. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, తుడిచి తెచ్చింది. సారు చేతికి ఇచ్చింది.

"గప్పుడు మీ జాడీ పలిగింది గద సారూ. నేను ఊరికే తిట్టిన. గిది గట్టిది. తీసుకోర్రి."

"ఇప్పుడు నాకు జాడీ ఎందుకు చెల్లె? పాఠాలు బందు వెట్టి ఎన్నేండ్లాయె." సారు జాడీని అటూ ఇటూ తిప్పి చూశారు. "సారయ్య మంచిగున్నడా? రాలేదా?"

నేను చెప్పబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మళ్ల ఒక్కసారి పేల్చుర్రి సారూ" అంది. "గా సప్పుడు ఇంటె ఆయన ఆగడు. ఏడున్నా ఉరికొస్తడు."

సారుకు అర్థమైంది. చాలాసేపు ఆ జాడీని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. తర్వాత కర్ర ఊతంతో మెల్లగా వాకిట్లోకి నడిచి, తులసికోట పక్కన ఇంకా నీడ ఉన్న చోట చూసి దాన్ని పెట్టారు. వచ్చి అరుగు మీద కూర్చుని పక్కన చోటు చూపించారు.

"కూసో చెల్లె. నీడ జరిగేదాక చూద్దాం."

అవ్వ కూర్చుంది. ఏడాదిలో మొదటిసారి, ఎటూ లేవకుండా, ఖాళీ జాడీ వైపు చూస్తూ కూర్చుంది. లోపలి నుంచి భోజనాలకు రమ్మని రెండుసార్లు పిలిచారు. నేను వెళ్లలేదు. ఏడుస్తూ ఆమె పక్కన కూర్చున్నాను.